మాంసం ముట్టని మార్జరీ

వంటింటి గచ్చు మీద బోర్లా పడుకుని, చేతిలో చెంచా పట్టుకుని, సెప్ తాత బతిమాలుతున్నాడు. బతిమాలడం ఆయనకి చేతకాని పని. బొగ్గు గనిలో ఉన్నన్నాళ్ళూ మేనేజరుని బతిమాలలేదు. పెళ్ళికి ముందు ఎడ్నా మామ్మని కూడా బతిమాలలేదట. "వస్తావా, బస్సు వెళ్ళిపోతోంది" అన్నాడట, అంతే. అలాంటి మనిషి ఇప్పుడు గడ్డం నేలకి ఆనించి, లేని మెత్తదనం గొంతులోకి తెచ్చుకుని, "తినవే నా తల్లీ. ఒక్క ముక్క. నీ కాళ్ళు పట్టుకుంటా. నాలుగూ పట్టుకుంటా" అంటున్నాడు.

ఎదురుగా కూర్చున్న మార్జరీ చెంచాలోని పచ్చి ఖైమాని వాసన చూసింది. తుమ్మింది. పక్కనే పెట్టిన పచ్చి కోడి రెక్కని పళ్ళతో అందుకుని, వెనక్కి నడుస్తూ ఈడ్చుకుపోయి, ఎడ్నా మామ్మ చర్చికి వేసుకెళ్ళే బూటులో కుక్కేసింది. తిరిగొచ్చి, ఆ పనైపోయింది ఇంక నా భోజనం ఏదీ అన్నట్టు ఖాళీ గిన్నె ముందు కూర్చుంది.

"సెప్టిమస్!" అంది మామ్మ గుమ్మంలోంచి.

ఇంట్లో ఏడో కొడుకని తాతకి ఆ పేరు పెట్టారు. మామ్మ నోట పూర్తి పేరు వినబడిందంటే ఓపిక అడుగంటిందని లెక్క.

"అది నా బూటు" అంది.

"చూశాను."

"నిన్న టోపీ పెట్టెలో పెట్టింది. మొన్న పియానో వెనకాల. ఇది ఇల్లనుకుంటోందా, మాంసం కొట్టనుకుంటోందా?"

"నన్నడుగుతావేమే? దాన్నడుగు!"

"అడిగితే చెప్పే రకమా అది? దానిదీ నీదీ ఒకటే తీరు. నోట్లోంచి మాట రాదు, వెళ్ళిన చోటల్లా కంపు మాత్రం మిగులుతుంది."

మార్జరీ ఒక ఫెరెట్. ముంగిసకి చుట్టంలాగా ఉంటుంది: పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, దొంగ చూపు. కుందేలు బొరియలోకి దూరి, లోపలున్న దాన్ని హడలగొట్టి, బయట పరిచిన వలలోకి తరమడం దాని ఉద్యోగం. డర్హమ్ గనుల ఊళ్ళలో పెరట్లో పావురాలో ఫెరెట్లో లేని ముసలాయన ఉంటే, ఒంట్లో బాగాలేదేమోనని జనం పలకరించి పోతారు. ఈ ఫెరెట్టుకి మార్జరీ అన్న పేరు మామ్మ వాళ్ళ అక్కగారిది. ఇద్దరివీ ఒకే చూపులని తాత పెట్టాడు. ఆ అక్కగారు ఈ ఇంటి గడప తొక్కి చాలా ఏళ్ళయింది. తాతకి కావలసిందీ అదే.

ఇంట్లో రెండో ఫెరెట్ కూడా ఉంది. పేరు కత్‌బర్ట్. మహా తిండిపోతు, వేటకి పనికిరాదని తాత దానికి ఏ పాఠమూ నేర్పలేదు. పచ్చి మాంసం మొదటిసారి చూసిన రోజే తన వాటా, మార్జరీ వాటా, గిన్నె కింద పరిచిన కాగితంలో సగం తినేసి వెల్లకిలా పడి నిద్రపోయింది. దాని గురించి ఎవరికీ బెంగ లేదు. బెంగంతా మార్జరీ గురించే.

ఇదంతా ఎలా మొదలైందంటే, వేసవి చివర ఒక పొద్దున మార్జరీ వంటింట్లో నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. వెనక కాళ్ళు పక్కకి జారిపోయాయి. నోట్లోంచి చొంగ కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. తాత దాన్ని కోటు లోపల దోపుకుని, లోపల వేసుకున్న పైజామా కూడా మార్చుకోకుండా బస్సెక్కాడు.

పశువుల డాక్టరమ్మ ప్రౌడ్‌లాక్ చిన్నపిల్ల. తాత పాత బూట్ల వయసు కూడా ఉండదు. రక్తం పరీక్ష చేసి, చిగుళ్ళకి తేనె రాసి, మార్జరీ లేచి కూర్చున్నాక తాతని కూర్చోమంది.

"దీని రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతోందండీ. మందిస్తాను. కానీ మందొక్కటే చాలదు. ఏం పెడుతున్నారు దీనికి?"

"గుళికలు. సంచుల్లో వస్తాయి చూడమ్మా, ఎండువి, గట్టిగా ఉంటాయి. మంచివే పెడతాను."

"వాటిలో పిండి ఎక్కువ. దీని ఒంటికి అదే పడటం లేదు. గుళికలు మాన్పించి పచ్చి మాంసానికి మార్చండి. కోడి, కుందేలు, కాలేయం, ఎముకలతో సహా. ఎముకలు మాత్రం ఉడకబెట్టకూడదు, పచ్చివే పెట్టాలి."

తాత ఛాతీ విరుచుకున్నాడు. "మాంసమా? నా ఫెరెట్లు పుట్టి బుద్ధెరిగి మాంసం రుచి చూడలేదమ్మా!" అన్నాడు, పిల్లలు చదువులో ఫస్టొచ్చారని చెప్పినట్టు.

డాక్టరమ్మ మందు చీటీ పక్కన పెట్టింది. "అయితే కష్టపడాలి. చిన్నప్పుడు ఏ వాసనకి అలవాటు పడితే అదే తిండి అనుకుంటాయివి. మాంసాన్ని ఇది తిండిగా గుర్తుపట్టదు."

"ఓస్, ఎంతసేపు! ఒక రోజు కడుపు మాడిస్తే రాళ్ళు కూడా గుర్తుపడుతుంది."

"ఆ పని మాత్రం చెయ్యకండి! కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంటే మళ్ళీ పడిపోతుంది. ఈసారి లేవకపోవచ్చు. మాడ్చడానికి లేదు, గుళికల మీద ఉంచడానికీ లేదు. ఇలాగే సాగితే చలికాలం దాటుతుందని నేను చెప్పలేను."

తిరిగొచ్చే బస్సులో కోటులోంచి మార్జరీ తల బయటపెట్టి పక్క సీటావిడ సంచిలో ఏముందో చూస్తుంటే, తాత దాని తలని బొటనవేలితో నెమ్మదిగా లోపలికి నొక్కుతూ కూర్చున్నాడు.

ఇక్కడ తాత గొప్ప గురించి చెప్పకపోతే ఆయన అవస్థ అర్థం కాదు.

ఫెరెట్లతో వేటాడేవాళ్ళకి ఒక పెద్ద తలనొప్పి ఉంది. బొరియలోకి దూరిన ఫెరెట్ ఒక్కోసారి కుందేలుని తరమకుండా లోపలే చంపేసి, అక్కడే తినేసి, దాని బొచ్చు మీదే పడుకుని నిద్రపోతుంది. మకాం వెయ్యడం అంటారు దాన్ని. పైన వేటగాడు వర్షంలో, గాలిలో, మోకాళ్ళ మీద కూర్చుని బొరియలోకి బూతులు తిట్టుకుంటూ ఉండాలి. చివరికి పార పట్టుకుని తవ్వాలి. ఫెరెట్ మకాం వేసిందంటే ఆ వేటగాడు గని కార్మికుల క్లబ్బులో నెల రోజులు తలెత్తుకోలేడు.

సెప్ తాత ఫెరెట్ ఏదీ ఎన్నడూ మకాం వెయ్యలేదు. అదీ ఆయన గొప్ప. అందరిలాగా అదృష్టం మీద వదిలెయ్యకుండా ఆయనొక పద్ధతి కనిపెట్టాడు. కూనగా ఉన్నప్పుడే మాంసం ముక్క ముందు పెడతాడు. నోరు పెట్టబోతే ముక్కు మీద వేలితో టపీమని ఒకటిచ్చి, "ఊహూఁ!" అని ఒక్క అరుపు అరుస్తాడు. వదిలేస్తే పొగాకు డబ్బా గలగలలాడించి రెండు గుళికలు పెడతాడు. అలా నెలల తరబడి. ఆ తర్వాత ఆ ఫెరెట్ పచ్చి నెత్తురు మధ్య కూర్చోబెట్టినా మూతి పెట్టదు. డబ్బా చప్పుడు వినబడితే భూమి అడుగునుంచైనా లేచొస్తుంది. ఈ పద్ధతి గురించి తాత క్లబ్బులో ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆయన గొంతు సవరించుకోగానే సగం మంది బీరు కోసం లేచేవాళ్ళు.

తాత చేతి కింద తయారైనవాటిలో మార్జరీ అంత చక్కగా పాఠం నేర్చుకున్నది ఇంకొకటి లేదు.

అందుకని ఇప్పుడు ఇల్లంతా రణరంగం అయింది. డాక్టరమ్మ చెప్పినట్టు గుళికలు పొడి చేసి ఖైమాలో కలిపారు. మార్జరీ పొడి మాత్రం నాకి, ఖైమాని గిన్నె అంచుకి నీటుగా మేస్త్రీ సున్నం పూసినట్టు పూసి వదిలేసింది. సాల్మన్ చేప నూనె పైన చల్లారు. నూనె నాకేసి, మాంసం తీసుకెళ్ళి తాత చెప్పులో దాచింది. గుడ్డుసొన కలిపి గోరువెచ్చని పులుసు చేశారు. అందులో కాళ్ళు కడుక్కుంది. ముక్క ఒకటి తాత స్వయంగా దాని నోట్లో పెట్టాడు. అది నమలకుండా, మింగకుండా, ఉమ్మకుండా, బుగ్గలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఇల్లంతా తిరిగింది.

"మా అక్క కూడా అంతే" అంది మామ్మ. "మందు బిళ్ళ వేస్తే సాయంత్రం దాకా దవడలో పెట్టుకునేది."

"మీ వంశంలోనే ఉంది."

"ఫెరెట్ మా వంశమెందుకయిందయ్యా? పేరు పెట్టింది నువ్వు!"

తిండి దగ్గర ఓడిపోయిన ప్రతిసారీ తాత పళ్ళు నూరుకుంటూ గుళికలే పెట్టవలసి వచ్చేది. కడుపు ఖాళీగా ఉంచడానికి లేదు కదా. ఆ సంగతి మార్జరీకి తెలిసిపోయింది. మాంసం వచ్చిందంటే, దాన్ని ఎక్కడో ఒకచోట సర్దేసి వస్తే గుళికలు వస్తాయి. దాని దృష్టిలో ఇదంతా తాత కొత్తగా మొదలుపెట్టిన ఆట. ఓపిగ్గానే ఆడుతోంది. తాతకే ఓపిక లేదు.

"తినకపోతే పో! చావు! నాకేం?" అని ఒకరోజు చెంచా గోడకేసి కొట్టాడు. కత్‌బర్ట్ వెళ్ళి గోడ నాకింది.

మరునాడు పొద్దున్నే మార్జరీ మళ్ళీ పడిపోయింది. గిన్నె పక్కనే, చొంగ కార్చుకుంటూ. తాత ఎంత తిప్పినా తేనె సీసా మూత రాలేదు. మామ్మ లాక్కుని తీసి, చిగుళ్ళకి రాసింది. అది కళ్ళు తిప్పి చూసేదాకా ఇద్దరూ గచ్చు మీదే కూర్చున్నారు. నిన్న అన్న మాట తాత ఎత్తలేదు. మామ్మ కూడా ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటం ఆవిడకి ఎంత కష్టమో ఆవిడ మొహం చూస్తే తెలుస్తుంది.

అసలు సంగతి బయటపడింది మాత్రం మరుగుదొడ్డి వల్ల. ఇంట్లో చక్కటి బాత్రూము ఉన్నా తాత పేపరు పట్టుకుని పెరటి చివర పాత మరుగుదొడ్డికే పోతాడు. అక్కడైతే ప్రశాంతం అంటాడు. వెళితే ఒక పట్టాన రాడు. అలా వెళ్ళిన ఒక మధ్యాహ్నం, మామ్మ కూరకని కాలేయం కోస్తూ ఒక ముక్క కింద పడేసింది. మార్జరీ వచ్చింది. వాసన చూసింది. ఒకసారి నాకింది. ఇంకోసారి నాకింది. పంటితో పట్టుకుంది. అంతలో పెరట్లో గడియ చప్పుడైంది. తాత బూట్ల అడుగులు వినబడ్డాయి. మార్జరీ ముక్కని చటుక్కున వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసి, గోడ వైపు తిరిగి కూర్చుంది. సిగరెట్టు దాచేసిన కుర్రాడి మొహం.

తాత లోపలికి రాగానే మామ్మ కత్తి బల్ల మీద పెట్టింది.

"సెప్పూ, తప్పు దానిది కాదయ్యా. నీది."

"నేనేం చేశాను? నేను దొడ్డికెళ్ళాను!"

"అదే. నువ్వెళితే నాకింది. నువ్వొస్తే వదిలేసింది. దానికి మాంసం నచ్చక కాదు. నువ్వు ముక్కు మీద కొడతావని. ఊహూఁ అని అరిచి అరిచి నేర్పావు చూడు, ఆ పాఠం అప్పజెబుతోంది రోజూ. నువ్వేమో మెచ్చుకోవడం మానేసి చెంచా విసురుతున్నావు. దానికి పాపం ఏం అర్థమవుతుంది?"

తాత కుర్చీలో కూలబడ్డాడు.

"అయితే నేను బయట ఉంటాను. నువ్వు పెట్టు" అన్నాడు.

అదీ చేశారు. తాత వీధిలో, చినుకుల్లో, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇరుగుపొరుగు వాళ్ళు ఎడ్నా గెంటేసిందా అని అడిగారు. లోపల మార్జరీ ముక్కని వాసన చూసి, తాత కుర్చీ వంక చూసి, తలుపు వంక చూసి, చెవులు రిక్కించి, వదిలేసింది.

"ఇల్లంతా నువ్వేనయ్యా" అంది మామ్మ తలుపు తెరిచి. "కుర్చీలో నువ్వు, కర్టెన్లలో నీ పైపు పొగ, గచ్చు మీద నీ సాక్సుల వాసన. నువ్వు లేని చోటు కావాలి దానికి. ఎక్కడుంది అలాంటి చోటు?"

తాత తడిసిన టోపీ పిండుకుంటూ ఆ మాటే ఆలోచించాడు. ఆయన గనిలో ఉన్న రోజుల్లో పైనుంచి వచ్చే అధికారి దీపం వెలుగు దూరాన మలుపులో కనిపించగానే అందరూ టిఫిన్ డబ్బాలు మూసేసి పారలు పట్టుకునేవాళ్ళు. దీపం మాయమయ్యాక, చీకట్లో, బొగ్గు చేతులతో తిన్న ఆ రొట్టె రుచి ఇంట్లో బల్ల మీద తిన్న దేనికీ లేదు. భూమి కింద, ఇరుకులో, ఎవరూ చూడని చోట. ఏ ఫెరెట్ అయినా ఎప్పుడైనా యజమాని మాట జవదాటిందంటే అక్కడే కదా జవదాటింది.

తాత మొహం వాడిపోయింది. ఎందుకంటే దారి కనబడింది. మార్జరీ బతకాలంటే అది మకాం వెయ్యాలి.

ఊరి చివర, జనం కూరగాయలు వేసుకునే చిన్న చిన్న నేల చెక్కల్లో తాతకి ఒక చెక్క ఉంది. కూనలకి బొరియ అలవాటు చెయ్యడానికి అక్కడ ఎప్పుడో మట్టి గొట్టాలు పాతిపెట్టాడు. మధ్యలో ఒక చిన్న గూడు, రెండు వంకరలు, ఒకటే ద్వారం. ఇక కావలసింది కుందేలు. పక్క చెక్క టోష్ రాబ్సన్‌ది. గనిలో తాతతో భుజం భుజం కలిపి బొగ్గు కొట్టినవాడు. పోటీకి లీకులు పెంచుతాడు. పెద్ద ఉల్లికాడల్లాంటి వాటిని పసిపిల్లల్లా సాకుతాడు. అతని కుక్క వారానికో కుందేలు పట్టుకొస్తుంది. తాత పద్ధతి గురించి క్లబ్బులో అందరికన్నా ఎక్కువసార్లు వినవలసి వచ్చింది కూడా టోషే.

"ఒక కుందేలు కావాలిరా" అన్నాడు తాత, లీకుల వంక చూస్తూ.

"నీకా? కుందేలా? నీ ఫెరెట్ రాణీగారు పట్టడం మానేసిందా?"

"ఎడ్నాకి కుందేలు వండుకోవాలని ఉంది. ఇస్తావా, ఇవ్వవా?"

"తోలు తీసి ఇమ్మంటావా?"

"వద్దు, తోలుతోనే ఇయ్యి."

"తోలుతో వండుతుందా ఎడ్నా?"

"మాది పాత పద్ధతి" అన్నాడు తాత. టోష్ ఒక కన్ను చికిలించి చూశాడు గానీ కుందేలైతే ఇచ్చాడు.

ఆదివారం పొద్దున మార్జరీకి గుప్పెట్లో సగం గుళికలు మాత్రం పెట్టి, తాత, మామ్మ తోటకి నడిచారు. మామ్మ కోటు జేబులో తేనె సీసా ఉంది. తాత తన చేతి వాసన తగలకుండా మామ్మ చేతితొడుగులు వేసుకుని కుందేలు పొట్ట చీల్చి, మామ్మ చేతికిచ్చాడు. మామ్మ ముక్కు పక్కకి తిప్పుకుని, కర్రతో దాన్ని గొట్టం లోపలి గూడు దాకా తోసింది.

"పెళ్ళి రోజున ఇవన్నీ చెప్పలేదు నువ్వు" అంది.

"చెబితే బస్సెక్కేదానివి కాదుగా."

మార్జరీని గొట్టం దగ్గర వదిలారు. అది మీసాలు కదిపింది. వెనక్కి తిరిగి తాత వంక ఒకసారి చూసింది. తాత చప్పున ఆకాశం వంక చూశాడు. తల తిప్పేసరికి తోక కొస కూడా లేదు.

కాసేపు గడిచింది. మామ్మ తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. గాలి కొండ మీంచి తిన్నగా వస్తోంది. ఇంకాసేపు గడిచింది. తాత గొట్టం చుట్టూ తిరిగాడు. కూర్చున్నాడు. లేచాడు.

"తింటోందంటావా?"

"నాకేం తెలుసయ్యా?"

"ఏ చప్పుడూ లేదే. పడిపోయిందేమోనే ఎడ్నా. పొద్దున సరిగ్గా తినలేదు. అక్కడ చీకట్లో చొంగ కార్చుకుంటూ పడి ఉందేమో."

"కావచ్చు. కాకపోవచ్చు."

"ఇదేం సమాధానమే!"

"నా దగ్గర ఉన్న సమాధానం ఇదొక్కటే!"

తాత పార తెచ్చాడు. గూడు మీద మట్టి ఎక్కడ తవ్వాలో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. రెండు పారల మట్టి, ఒక పలక, అంతే. పార నేలలో గుచ్చి, బూటు దాని మీద పెట్టి, ఆగిపోయాడు. అది పడిపోయి ఉంటే, తవ్వకపోతే చచ్చిపోతుంది. అది తింటూ ఉంటే, తవ్వితే, నోటి దగ్గర ముక్కతో దొరికిపోతుంది. పైకప్పు ఊడి, వెలుతురు పడి, తాత తల కనబడుతుంది. ఇక ఈ జన్మలో మాంసం జోలికి పోదు.

ఆ సమయంలోనే కంచె అవతల టోష్ తల లేచింది.

"ఏరా సెప్పూ, పారెందుకు?"

"బంగాళాదుంపలకి."

"బంగాళాదుంపలు అటుపక్క కదరా." టోష్ కంచె మీదకి వంగాడు. గొట్టం చూశాడు. బకెట్ మీద మామ్మని చూశాడు. ఖాళీ ఫెరెట్ పెట్టె చూశాడు. మొహం నెమ్మదిగా పండగలా వెలిగిపోయింది. "ఓరి నాయనో. మకాం వేసిందా?"

"నోరుముయ్యి."

"మార్జరీ! మకాం! సెప్ థర్ల్‌వెల్ ఫెరెట్! నా కుందేలు మీద!" టోష్ కంచె పట్టుకుని ఊగిపోయాడు. "డబ్బా ఊపరా! నీ డబ్బా ఉంది కదా, దాని చప్పుడు వింటే పాతాళంలోంచైనా వస్తుందన్నావుగా. ఊపు, చూద్దాం!"

తాత చెయ్యి తనంతట తనే జేబులోకి పోయింది. డబ్బా అక్కడే ఉంది. ఒక్కసారి ఊపితే చాలు. బతికుంటే తక్షణం వచ్చేస్తుంది. బతికుందో లేదో తెలిసిపోతుంది, టోష్ నోరూ మూతపడుతుంది. తాత చెమటలు పట్టిన మొహంతో జేబులో డబ్బాని చప్పుడు కాకుండా గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పార వదిలేసి, మోకాళ్ళు పటపటలాడుతుంటే నేల మీద బోర్లా పడుకుని, గొట్టానికి చెవి ఆనించాడు.

"ఏమైనా వినిపిస్తోందా?" అంది మామ్మ.

"ఈ వెధవ నవ్వు తప్ప ఏం వినపడట్లేదు. టోష్, ఒక్క క్షణం చావరా!"

టోష్ నవ్వు ఆపేశాడు. లీకుల మధ్య కాలు జాగ్రత్తగా వేసుకుంటూ, కంచె దాటి వచ్చి నిలబడ్డాడు. గాలి కూడా కాసేపు ఆగింది.

గొట్టం లోపల, ఎక్కడో దూరాన, పటుక్కుమంది. కాసేపాగి మళ్ళీ పటుక్కు. సన్నటి ఎముక పంటి కింద విరిగిన చప్పుడు.

తాత లేవలేదు. చెవి గొట్టానికి ఆనించే, కళ్ళు మూసుకుని పడుకున్నాడు. "నములుతోంది" అన్నాడు మట్టితో. "ముదనష్టపుది. ఇన్నాళ్ళు నా ప్రాణం తీసి, ఇప్పుడు ఎముకలు నములుతోంది."

"ఏడుస్తున్నావా?" అన్నాడు టోష్.

"గాలికిరా."

మార్జరీ ఎంతకీ రాలేదు. మామ్మ ఇంటికెళ్ళి ఫ్లాస్కులో టీ తెచ్చింది. తాత తాగుతూ గొట్టాన్ని తిట్టాడు, తిడుతూ తాగాడు. నడుము పట్టేసింది, కాళ్ళు మొద్దుబారాయి, ముక్కు కారింది. ఫెరెట్ మకాం వేస్తే వేటగాడు పడే బాధలన్నీ ఒక్కటీ వదలకుండా పడ్డాడు. అన్నేళ్ళూ పక్కవాళ్ళు పడుతుంటే చూసి నవ్విన బాధలివి. టోష్ ఎదురుగా కూర్చుని ఒక్కటీ పోనివ్వకుండా చూశాడు.

చివరికి గొట్టం అంచు దగ్గర ముక్కు కనబడింది. తర్వాత నెత్తురంటిన మీసాలు. పొట్ట గుండ్రంగా, బయటికి రావడానికి ఇరుకయ్యేంత ఉంది. నోట్లో మాంసం ముక్క. బయటికొస్తూనే తాతని చూసింది. అక్కడికక్కడ కొయ్యబారిపోయింది. దవడ నెమ్మదిగా వదులవుతోంది. ముక్క జారుతోంది.

తాత గిర్రున వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ళలో ఏ ఫెరెట్టుకీ వీపు చూపించని మనిషి మార్జరీకి వీపు పెట్టి, చేతులు వెనక కట్టుకుని, టోష్ రాబ్సన్ లీకుల వంక తదేకంగా చూడటం మొదలుపెట్టాడు. ఎదురుగా టోష్ మొహం, చెవి నుంచి చెవి దాకా నవ్వు.

"మంచి లీకులు" అన్నాడు తాత పళ్ళ మధ్యనుంచి.

"నువ్వు నా లీకుల్ని మెచ్చుకోవడం ఇదే మొదటిసారి."

"ఏం చేస్తోందో చెప్పి చావు."

టోష్ తాత భుజం మీంచి మెడ సాచి చూశాడు. "నీ వీపు చూస్తోంది."

"ఇప్పుడు?"

"ఇంకా చూస్తోంది. ఆఁ... కూర్చుంది. ముక్క కాలి కింద పెట్టుకుంది." టోష్ గొంతు తగ్గించాడు. "తింటోందిరా సెప్పూ. పట్టపగలు, అందరి ముందూ, కూర్చుని తింటోంది. క్లబ్బులో అందరికీ చెప్పేస్తాను, ఏమనుకోకు."

"చెప్పు. బల్లెక్కి చెప్పు. బ్యాండు పెట్టుకుని చెప్పు" అన్నాడు తాత, మెడ నరాలు ఉబ్బేలా నిలబడి, వెనక్కి తిరగకుండా. "కానీ ఇప్పుడు మాత్రం నోరుమూసుకోరా. అది భోంచేస్తోంది."